క్రాలర్ టైర్లలో ఏ ఫోమ్ పెట్టాలి? గాలి బెజ్జం రిమ్ముకా, టైరుకా?

కొండపల్లి_క్రాలర్
బండి ఎస్‌సీఎక్స్10 త్రీ, రాళ్లెక్కే రిమోట్ బండి (క్రాలర్). కంపెనీ టైర్లు తీసేసి 1.9 అంగుళాల అల్యూమినియం బీడ్‌లాక్ రిమ్ముల (టైరు అంచుని రింగుతో బిగించేవి) మీద 4.75 అంగుళాల మెత్త టైర్లు ఎక్కించాను. టైర్లతోపాటు వచ్చిన తెల్ల స్పాంజే లోపల ఉంది. రిమ్ములకి గాలి బెజ్జాలు లేవు.

ఇబ్బంది రెండు చోట్ల. కొండపల్లిలో గుట్ట కింద ఒక ఏటవాలు పలకరాయి ఉంది, మా వాళ్లకి తెలుసు. దాని మీద నిలువునా ఎక్కిస్తే ముందు టైర్లు రాయి అంచు తగలగానే ఎగిరి పడుతున్నాయి, పట్టు దొరకట్లేదు. అదే పలక మీద అడ్డంగా పోనిస్తే కింది వైపు టైర్లు రెండూ రిమ్ము కిందికి మడతపడి బండి పల్టీ కొడుతోంది. పాత టైర్లతో ఇక్కడ పల్టీ ఉండేది కాదు. ఇంత డబ్బు పోసి కొన్నాక బండి ముందుకన్నా అధ్వాన్నంగా నడుస్తుంటే మనసు ఒప్పట్లేదు.

ఫోమ్ మార్చాలా, బెజ్జాలు కొట్టాలా, రెండూనా?

ఆటోనగర్_అబ్బాయి
రెండూ. ముందు బెజ్జం.

బీడ్‌లాక్_బాబాయ్
తమ్ముడూ, నీ రెండు జబ్బులకీ కారణం ఒకటి కాదు. విడివిడిగా చూడు.

ఎగిరి పడేది గాలి వల్ల. బీడ్‌లాక్ రింగు బిర్రుగా బిగించావు, రిమ్ముకి బెజ్జం లేదు, ఇంక లోపలి గాలి ఎటు పోద్ది? రాయి అంచు నొక్కగానే టైరు ఇంకోచోట ఉబ్బిద్ది, ఆ ఉబ్బు మళ్లీ రాయిని వెనక్కి తోసిద్ది. టైరు పొంగిన పూరీలా ఉన్నంతసేపు లోపల ఎంత ఖరీదు ఫోమ్ పెట్టినా దాని గుణం బయటికి రాదు. బండి బరువు ఫోమ్ మొయ్యాలి, గాలి మొయ్యకూడదు.

మడతపడేది ఫోమ్ వల్ల. ఆ తెల్ల స్పాంజి ఓపెన్ సెల్. లోపలి గదులన్నీ ఒకదాంట్లోకి ఒకటి తెరుచుకుని ఉంటాయి కాబట్టి నొక్కితే అడుగుదాకా నలిగిపోద్ది. నిలువు ఎక్కుడుకి అది మంచిదే, రాయి ఆకారాన్ని పట్టుకుంటది. అడ్డంగా పోయేటప్పుడు మాత్రం బరువంతా కింది టైర్ల పక్కగోడ మీదికొచ్చిద్ది. అక్కడ ఆపేదేం లేక రిమ్ము కుంగిపోద్ది.

అందుకే రెండు పొరల ఫోమ్ పుట్టింది. రిమ్ముని ఆనుకుని గట్టి క్లోజ్డ్ సెల్, అంటే గదులన్నీ మూసుకుని ఉండేది, దాని పైన ట్రెడ్ (నేలకి ఆనే ముఖం) వైపు మెత్త ఓపెన్ సెల్. క్రాలర్ ఇన్నొవేషన్స్ వాళ్ల డ్యూసెస్ వైల్డ్ అయినా, ప్రో-లైన్ వాళ్ల డ్యూయల్ స్టేజ్ అయినా సూత్రం ఇదే. పైపొర రాయిని పట్టిద్ది, లోపలి పొర రిమ్ముని కుంగనియ్యదు. బెజ్జం రిమ్ముకే కొట్టు.

కృష్ణలంక_కుర్రోడు
రిమ్ముకే అని తేల్చేశావేంది బాబాయ్? మేం బ్యారేజీ కింద నీళ్లు తగ్గినప్పుడు రాళ్లల్లో, ఇసకలో తిప్పుతాం. రిమ్ము బెజ్జంలోంచి లోపలికి దూరిన నీళ్లు మళ్లీ బయటికి రావు. చక్రం తిరిగేకొద్దీ నీళ్లు ట్రెడ్ వైపుకి నెట్టుకుపోతాయి, బెజ్జమేమో రిమ్ము దగ్గర ఉంటది. ట్రెడ్ మధ్యలో, గుబ్బల సందులో బెజ్జం కొడితే అదే తిరుగుడుకి నీళ్లు బయటికి చిమ్ముతాయి. ఎదురెదురుగా రెండు కొడితే చాలు. ఒకటి నేలకి ఆనినా రెండోది తెరిచే ఉంటది.

పేరేచర్ల_రాయి
మీ రేవులో నీళ్లు, మా క్వారీలో పౌడరు. క్రషర్ దుమ్ము ఉన్నచోట ట్రెడ్ బెజ్జం కొట్టామంటే టైరు అడుగు వేసినప్పుడల్లా దుమ్ము పీల్చుద్ది. ఓపెన్ సెల్‌లోకి దూరిన పౌడరు కడిగినా పోదు. టైరు ఒకపక్క బరువెక్కి తిరిగేటప్పుడు వణుకుద్ది. నేను బాబాయ్ పక్షం.

కృష్ణలంక_కుర్రోడు
నీళ్ల సంగతి చెప్తే దుమ్ము సంగతి చెప్తావేంది అన్నా.

పేరేచర్ల_రాయి
ఆయన బండి కొండపల్లిలో తిరిగేది, కృష్ణలో కాదు. దుమ్ము సంగతే చెప్పాలి.

సీలుటైర్_సుబ్బు
నా మాట ఎవరికీ నచ్చదు గానీ చెప్తా. అసలు బెజ్జమే వద్దు. ఫోమ్ టైరు నిండా సరిగ్గా సరిపోతే లోపల మిగిలే గాలి కొంచెమే. ఆ కొంచెం గాలి పక్కగోడకి ఆసరా కూడా. నీళ్లు దూరవు, దుమ్ము దూరదు. అడ్డం వాలు మీద నా బండి నిలబడ్డట్టు ఇక్కడ ఎవరి బండీ నిలబడదు, వచ్చి చూడండి.

ఆటోనగర్_అబ్బాయి
మే నెలలో కూడానా?

లక్ష్మీపురం_లిపో
సుబ్బు గారు చెప్పింది తీసిపారేసే మాట కాదు. మూసిన గాలి పక్కగోడని కొంత నిలబెడుతుంది, నిజమే. కానీ మన ఊళ్ల ఎండ లెక్కలోకి తీసుకోండి. 27 డిగ్రీల ఏసీ గదిలో రిమ్ము బిగించి, తలుపులు మూసిన కారులో బండి పెట్టి గుట్టకి తీసుకెళ్లారనుకుందాం. డిక్కీలో 55 డిగ్రీలు మామూలే. 300 కెల్విన్ నుంచి 328కి వెళ్లినట్టు, అంటే గాలి 9 శాతం పైగా పెరుగుతుంది, లేదా పీడనం 1.3 పీఎస్ఐ పైగా ఎక్కుతుంది. నిజం కారు టైరుకి అది లెక్కలోది కాదు. మన టైరుకి అసలు ఉండాల్సిన పీడనమే సున్నా. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఊళ్లో మూసిన టైరు పొద్దున ఒక రకంగా, మధ్యాహ్నం ఒక రకంగా నడుస్తుంది. పొద్దున సరిచూసుకున్నదంతా పదకొండింటికి మారిపోతుంది.

ఇంక నీళ్ల విషయం. 4.75 అంగుళాలంటే 121 మిల్లీమీటర్లు, ఇరుసు నేలకి 60 మిల్లీమీటర్ల ఎత్తున ఉంటుంది. 1.9 రిమ్ము సగం 24. అంటే రిమ్ము బెజ్జం అడుగుకి వచ్చినప్పుడు కూడా నేలకి 36 మిల్లీమీటర్ల పైన ఉంటుంది. అంతకన్నా లోతు లేని నీళ్లలో రిమ్ము బెజ్జంలోకి చుక్క దూరదు. ట్రెడ్ బెజ్జం తడినేల మీదే నీళ్లు తాగుతుంది. కృష్ణలంక తమ్ముడు మోకాల్లోతు నీళ్లలో దింపుతాడు కాబట్టి ఆయన లెక్క ఆయనది.

కృష్ణలంక_కుర్రోడు
మోకాల్లోతు కాదక్కా, మడమ లోతు. బండికి మోకాల్లోతు.

మంగళగిరి_మినీ
మధ్యలో దూరుతున్నా. ఎస్‌సీఎక్స్24 లాంటి బుల్లి బండ్ల వాళ్లకి ఇవన్నీ వర్తిస్తాయా? 1.0 అంగుళం రిమ్ములు.

బీడ్‌లాక్_బాబాయ్
సూత్రం ఒకటే, పద్ధతి వేరు. ఆ బండి బరువుకి మామూలు ఫోమ్ కూడా గట్టిదే, నలగదు. చాలామంది ఫోమ్ సన్నగా కత్తిరిస్తారు, ముందు టైర్లలో అసలు తీసేసి ఇత్తడి బరువులేసుకుంటారు. బెజ్జం మాత్రం ఉండాలి. ఇంత చిన్న టైర్లో గాలి బిగుసుకుంటే రబ్బరు బంతే.

మంగళగిరి_మినీ
తీసేసి చూస్తా.

ట్రెక్4_బెజవాడ
నాది టీఆర్ఎక్స్-4, కంపెనీ చక్రాలు. టైరు రిమ్ముకి అంటించేసి వచ్చింది. ఊడదీయకుండా బెజ్జం ఎట్లా?

ఆటోనగర్_అబ్బాయి
బెల్టుకి బెజ్జాలు కొట్టే పంచ్ ప్లయర్ ఉంటది చూడు, ఆ రకం పంచే, కాకపోతే సుత్తితో కొట్టేది తీసుకో. టైరు ఊడదీయకుండా ట్రెడ్‌కే కొట్టు. గుండ్రంగా సన్న రబ్బరు ముక్క ఊడొచ్చిద్ది, అది లోపల పడిపోకుండా తీసెయ్. బ్లేడుతో గాటు పెట్టబాక. గాటు చివరి నుంచి టైరు చిరుగుద్ది, గుండ్రటి బెజ్జం చిరగదు.

ట్రెక్4_బెజవాడ
సోల్డరింగ్ ఐరన్‌తో కాల్చమని ఎవరో చెప్పారు.

ఆటోనగర్_అబ్బాయి
బెజ్జం పడిద్ది. చుట్టూ రబ్బరు కరిగి గట్టిపడిద్ది, కంపు కూడా. పంచ్ ఉండగా అది ఎందుకు?

కొండపల్లి_క్రాలర్
అందరి మాటా చదివి రిమ్ముకి కొట్టించా. ఒక్కో రిమ్ముకి ఎదురెదురుగా రెండు, 3 మిల్లీమీటర్ల డ్రిల్లు. ఫోమ్ మార్చలేదు, తేడా తెలియాలని అదే స్పాంజి ఉంచా. ఇప్పుడు టైరు పిసికితే రిమ్ము దగ్గర పుస్సుమని గాలి తగులుతోంది.

నిలువు ఎక్కుడు బ్రహ్మాండం. రాయి అంచు తగిలితే టైరు దాని మీద పరుచుకుని గుబ్బలు అటూ ఇటూ పట్టుకుంటున్నాయి. ఎగరడం పోయింది. అడ్డం వాలు మాత్రం ముందుకన్నా ఘోరం. ముందు పలక సగం దాకా పోయి పడేది, ఇప్పుడు ఎక్కీ ఎక్కగానే పడుతోంది.

సీలుటైర్_సుబ్బు
అదే నేను మొత్తుకుంది. పక్కగోడని పట్టుకుని ఉన్న గాలిని వదిలేశారు.

బీడ్‌లాక్_బాబాయ్
సుబ్బు మాట ఇక్కడ నూటికి నూరుపాళ్లు నిజం. కానీ దానికి మందు గాలి మళ్లీ మూయడం కాదు, గాలి చేసిన పని ఫోమ్‌కి అప్పజెప్పడం. లోపలికి క్లోజ్డ్ సెల్ పొర పెట్టు తమ్ముడూ. బెజ్జం, ఫోమ్ రెండూ కలిపి ఒకే నిర్ణయం, ఒకటి మార్చి రెండోది అట్టే ఉంచితే ఇట్టాగే ఉంటది.

లక్ష్మీపురం_లిపో
నాలుగు చక్రాలకీ ఒకటే గట్టిదనం పెట్టకండి. ఇదీ లెక్కే. ఎస్‌సీఎక్స్10 త్రీ ఇరుసుల మధ్య దూరం 313 మిల్లీమీటర్లు. బరువు కేంద్రం నేలకి 90 మిల్లీమీటర్ల ఎత్తున ఉందనుకుందాం. చదును మీద ముందు 58, వెనక 42 శాతం బరువు ఉన్న బండిని 45 డిగ్రీల వాలు ఎక్కిస్తే, 90ని 313తో భాగిస్తే వచ్చేంత, అంటే సుమారు 29 శాతం వెనక్కి జారుతుంది. ముందు 29, వెనక 71 మిగులుతుంది. ముందు టైర్లు ఆ తక్కువ బరువుకే నలిగి పట్టుకోవాలి, వెనకవి ఆ ఎక్కువ బరువుకి కుంగిపోకూడదు. ముందు మెత్తగా, వెనక గట్టిగా అనే మాట వెనకున్న కారణం ఇదే. ముందు హబ్బులకి ఇత్తడి బరువులు వేసేది కూడా ఇందుకే.

చూడ్డానికి ఒక తేలిక పద్ధతి. వరండాలో ముగ్గుపిండి పల్చగా చల్లి దాని మీద బండిని నిలువుగా దించి, నిలువుగా పైకి ఎత్తండి. టైరు ఎంతమేర ఆనిందో అచ్చు పడుతుంది. ముందు, వెనక అచ్చులు పోల్చుకోండి. తర్వాత ఒక చెక్కపలకని అవతల కొస పైకి లేపి, దాని మీద చల్లి అలాగే చూడండి. అచ్చులో గుబ్బల గుర్తులు మధ్యలో ఒక్క వరసే పడితే ఫోమ్ గట్టిదో, వెడల్పు ఎక్కువై టైరుని గుండ్రంగా ఉబ్బించిందో. అంచుల్లో గట్టిగా పడి మధ్యలో ఖాళీ ఉంటే ఫోమ్ చాల్లేదు, పక్కగోడలే మోస్తున్నాయి.

పేరేచర్ల_రాయి
సంక్రాంతికి ముందే ముగ్గులేంది అక్కా.

లక్ష్మీపురం_లిపో
పెట్టి చూడు తమ్ముడూ, గొబ్బెమ్మలు అక్కర్లేదు.

కొండపల్లి_క్రాలర్
అక్కా, ముగ్గు పెట్టి చూశా. ముందు అచ్చు బాగానే ఉంది. పలక లేపితే వెనక అచ్చు మీరు చెప్పినట్టే, అంచులు గట్టిగా, మధ్య ఖాళీ. ఇంక రెండు పొరల ఫోమ్ బయట నుంచి తెప్పించాలా, ఇక్కడే చేసుకోవచ్చా?

ఆటోనగర్_అబ్బాయి
ఇక్కడే చేసుకోవచ్చు, నేను చేసేది చెప్తా.

లోపలి పొరకి 6 మిల్లీమీటర్ల ఈవీఏ (తేలికపాటి చెప్పులు చేసే ఫోమ్) మ్యాట్. యోగా మ్యాట్లలో పీవీసీవి కూడా ఉంటాయి, అవి బరువు, వద్దు. చేత్తో పట్టుకుంటే తేలిగ్గా ఉండి, గోరు గుచ్చితే గుంట మళ్లీ పైకి లేచేది తీసుకో. టైరు లోపలి వెడల్పుకన్నా కొంచెం తక్కువ పట్టీ కోసి రిమ్ము మీద రెండు చుట్లు చుట్టు. అంటే 12 మిల్లీమీటర్ల మందం. కొసలు ఏటవాలుగా కొయ్యి, లేకపోతే అతుకు దగ్గర ఎత్తు వచ్చి ప్రతి చుట్టుకీ టైరు తన్నుద్ది. అంటించడానికి ఫెవికాల్ ఎస్ఆర్ 998. రెండువైపులా పల్చగా రాసి, ఆరి జిగురు వేలికి అంటనప్పుడు అతికించాలి. ఫెవిక్విక్ వద్దు, అతుకు రాయిలాగా గట్టిపడిద్ది.

పైపొర పరుపుల కొట్లో మిగిలిన ముక్క. 40 డెన్సిటీ అడుగు, వెనక టైర్లకి. ముందు టైర్లకి 28 లేదా 32.

బీడ్‌లాక్_బాబాయ్
అంతా బానే ఉంది గానీ ఒక్కచోట ఆగు. డెన్సిటీ వేరు, గట్టిదనం వేరు. 40 డెన్సిటీ అంటే ఒక ఘనపు మీటరు ఫోమ్ 40 కేజీలు తూగిద్దని, అంతవరకే. 40లో మెత్తదీ ఉంటది, 28లో గట్టిదీ ఉంటది. డెన్సిటీ ఎక్కువైతే ఎక్కువ కాలం చప్పబడకుండా ఉంటది, అది నిజం. కొట్లో అంకె అడగటం కాదు, ముక్కలు పక్కపక్కన పెట్టి బొటనవేలితో నొక్కి చూసి తెచ్చుకో. రీబాండెడ్ మాత్రం వద్దు, ముక్కలు అతికించిన ఫోమ్ అది, ఒకచోట గట్టి ఒకచోట మెత్త.

ఆటోనగర్_అబ్బాయి
వేలితో నొక్కే తెస్తా బాబాయ్, అంకె కొట్టువాడికి అర్థమవడానికి.

సీలుటైర్_సుబ్బు
ఈవీఏ గురించి ఒక హెచ్చరిక. ఎండలో నిలబెట్టిన కారులో ఈవీఏ చెప్పులు వదిలేస్తే ముడుచుకుపోయి ఒక సైజు చిన్నవి అవుతాయి, చూసే ఉంటారు. టైర్లో ఉన్న పొరా అంతే. వేసవిలో బండిని డిక్కీలో వదిలేస్తే లోపలి పొర కుంచించుకుపోయి టైరుకి లోపల ఆసరా తగ్గిపోద్ది. గాలి మూసినా తెరిచినా ఇది మాత్రం తప్పదు.

లక్ష్మీపురం_లిపో
మంచి మాట. పాలియురెథేన్ స్పాంజికి వేడితోపాటు తేమ కూడా శత్రువే. మన ఉక్కపోతలో ఏళ్ల తరబడి టైర్లో ఉన్న స్పాంజి బయటికి తీస్తే వేళ్ల మధ్య పొడిగా రాలుతుంది. సీజన్‌కి ఒకసారైనా బీడ్‌లాక్ విప్పి చూడండి. ఇంట్లో ఉన్నప్పుడు చాసిస్ కింద చెక్కముక్క పెట్టి చక్రాలు గాల్లో ఉంచండి, లేకపోతే ఆనిన చోట ఫోమ్ చదునుగా అయిపోతుంది.

ట్రెక్4_బెజవాడ
పంచ్‌తో ట్రెడ్‌కి కొట్టా. కంపెనీ ఫోమ్‌తోనే గుణదల కొండ మెట్ల పక్కన రాళ్ల మీద తేడా బాగా తెలిసింది. నీళ్లలో దింపితే స్పాంజి తాగుద్దా?

కృష్ణలంక_కుర్రోడు
తాగుద్ది. ఓపెన్ సెల్ కదా. గట్టెక్కాక చదును నేల మీద ఫుల్ థ్రాటిల్ ఇచ్చి తిప్పు, సగం చిమ్మేసిద్ది. పాకించుకుంటా పోతే ఒక్క చుక్క బయటికి రాదు, క్రాలర్ వేగానికి అంత విసురు ఉండదు. ఇంటికొచ్చాక బెజ్జం కిందికి పెట్టి ఒక రాత్రి వదిలెయ్.

బీడ్‌లాక్_బాబాయ్
నీళ్లలో దిగే రోజున బెజ్జాల మీద ఇన్సులేషన్ టేపు చుట్టి, రాళ్ల మీదికి వచ్చాక పీకేస్తే సరిపోయిద్ది కదా. రిమ్ము బెజ్జానికైతే అది కుదిరిద్ది. ట్రెడ్ మీద టేపు నిలవదు.

కృష్ణలంక_కుర్రోడు
టేపు వెయ్యాలంటే రేవు దగ్గర చక్రాలు విప్పాలి బాబాయ్. తడి చేత్తో ఆ సన్న నట్లు ఇసకలో పడితే దొరకవు.

కొండపల్లి_క్రాలర్
ఆటోనగర్ అన్న పద్ధతిలో చేశా. వెనక రెండు టైర్లకీ ఈవీఏ రెండు చుట్లు, పైన గట్టి స్పాంజి. ముందు టైర్లకి ఈవీఏ ఒక్క చుట్టు, పైన మెత్తది. మొదట ఫోమ్ వెడల్పు ఎక్కువై ముగ్గు అచ్చులో మధ్య వరసే పడింది. అంచులు రెండువైపులా కత్తెరతో ఏటవాలుగా కోసేశాక గుబ్బలన్నీ పడ్డాయి.

పలక మీద అడ్డంగా కొస దాకా పోయింది. కింది టైరు దగ్గర కూర్చుని చూశా. పక్కగోడ కొంచెం ముడతపడి, రిమ్ము అంచు రాయికి ఇంకో వేలెడు దూరంలో ఉండగానే ఆగిపోతోంది. నిలువు ఎక్కుడులో ముందున్నంత మెత్తదనం కాస్త తగ్గింది గానీ ఎగరడం లేదు. ఒకటి అడగాలి, బెజ్జం ఇంకా పెద్దది చేస్తే ముందు టైర్లు ఇంకా త్వరగా పరుచుకుంటాయా?

లక్ష్మీపురం_లిపో
పాకే వేగానికి 3 మిల్లీమీటర్లు రెండు ఉంటే ఎక్కువే. గాలి పోవడానికి కావలసినంత సమయం ఉంటుంది. రాళ్ల మీద దూకించే 2.2 అంగుళాల రిమ్ముల బండ్లకి బెజ్జాలు ఎక్కువ కావాలి, టైరు ఒక్కసారిగా నలిగి ఒక్కసారిగా లేవాలి కాబట్టి. మీకు ఇంకా మెత్తదనం కావాలంటే ముందు టైర్ల పైపొరకి ట్రెడ్ వైపు నుంచి వి ఆకారంలో గాట్లు కోయండి, సమాన దూరంలో. మొదట నాలుగే కోసి చూడండి. కోసిన ఫోమ్ మళ్లీ అతకదు.

సీలుటైర్_సుబ్బు
పలక మీద నా సీలు టైర్లు కూడా పెట్టి చూద్దాం, ఈసారి నేనూ వస్తా. పొద్దున ఆరింటికే, ఎండ రాకముందు.

లక్ష్మీపురం_లిపో
ఆరింటికీ పెడదాం, పదకొండింటికీ పెడదాం సుబ్బు గారూ.

సీలుటైర్_సుబ్బు
సరే మేడమ్, రెండుసార్లూ పెడతా.

పేరేచర్ల_రాయి
కొండపల్లి అయ్యాక అందరూ మా వైపు రండి, పని ఆగిపోయిన క్వారీ అంచు ఒకటి ఉంది, వాళ్లని అడిగి పెట్టా. కుర్రోడా, నువ్వు ట్రెడ్ బెజ్జాల టైర్లు ఒక జత, రిమ్ము బెజ్జాల టైర్లు ఒక జత తీసుకురా. ఒకటే ఫోమ్ ఉండాలి రెండిట్లో. వంటింటి కాటా నేను తెస్తా. తిప్పకముందు తూచి, తిప్పాక తూచుదాం, ఎంత పౌడరు పీల్చిందో గ్రాముల్లో తెలిసిద్ది.

కృష్ణలంక_కుర్రోడు
తెస్తా. సాయంత్రం అదే కాటా రేవుకి కూడా రావాలి మరి, నీళ్ల లెక్క కూడా తూచాలి.

పేరేచర్ల_రాయి
వస్తది. బ్యాటరీలు ఎక్కువ తెచ్చుకో.